కువాంగ్ మామ మూత

కువాంగ్ మామకు బూడిదంటే పడదు. కొందరికి పిల్లులు పడవు, కొందరికి వంకాయ పడదు, ఈయనకు బూడిద పడదు. ఎక్కడైనా ఏదైనా కాలుతూ కనబడితే చాలు, అది బూడిద కాకముందే పరుగెత్తుకెళ్లి మూత పెట్టేయాలి. అందుకోసం ఒక పెద్ద ఇనప మూతకు తాడు కట్టి వీపున తగిలించుకుని తిరుగుతాడు. చెప్పులు మరిచిపోయి బజారుకొచ్చిన రోజులున్నాయి గానీ, మూత మరిచిపోయి గడప దాటిన రోజు లేదు.

మూత అంటే ఏ గిన్నె మీదదో అనుకునేరు. రైల్వే క్యాంటీన్లో ఊరందరికీ సరిపడా వండే మూకుడు మీదది. మామ బొగ్గు ఇంజన్లో పనిచేసి రిటైరయ్యాడు. డ్రైవరు పక్కన నిలబడి పారతో పొయ్యిలోకి బొగ్గేసే ఉద్యోగం. పదవీ విరమణ రోజున తోటివాళ్లు గోడగడియారం బహుమతిగా ఇవ్వబోతే, "టైము చూసుకుని ఇప్పుడు నేను చేసేదేముంది? ఆ మూతివ్వండి, కోళ్లగంప మీదికి పనికొస్తుంది" అని అడిగి తెచ్చుకున్నాడట. చాలా ఏళ్లు ఆ మూత బుద్ధిగా కోళ్లనే కాచింది. తర్వాత మా అందరి పొయ్యిల మీదా పడింది.

"మామా, జీవితమంతా బొగ్గును బూడిద చేసే ఉద్యోగమేగా నీది? ఇప్పుడేమిటీ పట్టింపు?" అని ఒకసారి అడిగాను.

"అందుకేనే పిల్లా. చేసినంత చేశాను. ఇక ఒక్క చిటికెడు చెయ్యను, ఇంకొకళ్లను చెయ్యనివ్వను."

నాకు ఊరి మధ్యలో దుకాణం ఉంది. ముందు వసారాలో బిళ్లలతో ఆడే మాజాంగ్ ఆటకు రెండు బల్లలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్లో పనిలేనివాళ్లూ, పని ఎగ్గొట్టినవాళ్లూ అందరూ అక్కడే. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పొట్టు నేల మీద ఉమ్ముతూ ఆడుతుంటారు. ఆ పొట్టంతా కువాంగ్ మామ ఆస్తి. బుట్ట పట్టుకుని బల్లల కింద పాకుతూ ఏరుకుంటాడు. ఆటగాళ్ల కాళ్లను కుర్చీ కాళ్లలాగే పక్కకు జరిపేస్తాడు.

"ఓడిపోతే ఓడిపో గానీ పొట్టు మాత్రం బుట్టలో ఉమ్ము" అని కేకలేస్తాడు. "నేల మీద పడి తడిస్తే సరిగ్గా మాడదు!"

వేరుశనగ తొక్కలు, టీ గింజల చిప్పలు, విరిగిన వెదురుబుట్టలు, కోడి ఎముకలు, ఊక, ఏదైనా సరే ఆయనింటి పెరట్లో ఉన్న పాత నూనె పీపాలోకి పోవలసిందే. పీపాలో మంట పెట్టి, అది ఎర్రగా నాలుక చాపగానే పైన మూత. గాలి అందక మంట చస్తుంది. లోపలిదంతా నిగనిగలాడే నల్లటి బొగ్గుగా మిగులుతుంది. ఆ బొగ్గును చేతిలోకి తీసుకుని, గలగలమని మోగితే మురిసిపోతాడు. గాలి ఎక్కువై అంచుల్లో తెల్లటి బూడిద కనబడిందో, ఆ పూట అన్నం సహించదు.

మా ఊరి పెద్ద ఫెంగ్‌కు సిగరెట్టు ఆరితే ఊపిరాడదు. ఆయన కోసం మామ జేబులో ప్రత్యేకంగా టీకప్పు మూత ఒకటి ఉండేది. ఫెంగ్ మీటింగులో ఉపన్యాసం దంచుతుంటే వెనకనుంచి వచ్చి సిగరెట్టు కొసకు ఆ బుల్లి మూత తగిలించేవాడు.

"అది పొగాకయ్యా, కట్టెపుల్ల కాదు!" అని ఫెంగ్ గింజుకునేవాడు.

"పొగాకు మాత్రం చెట్టుకు కాక రాయికి కాసిందా? సగం తాగావుగా, మిగతా సగం ఇటివ్వు."

ఆ ఫెంగ్ కూతురి పెళ్లిలో జరిగింది చెప్పాలి. పెళ్లికూతురు గడప దాటగానే వాకిట్లో ఇంత పొడుగు టపాకాయల దండ అంటించారు. ఎర్రకాగితాలు కాలి బూడిదై గాల్లోకి లేవడం మామ కంటపడింది. ఇక ఆగుతాడా? "అయ్యయ్యో, ఎంత కాగితం!" అంటూ వెళ్లి దండ మీద మూత బోర్లించాడు. లోపల అన్నీ ఒకేసారి పేలాయి. మూత రివ్వున లేచి ఫెంగ్ ఇంటి పెంకుల మీద పడి, అక్కణ్నుంచి దొర్లి వంటవాళ్ల చేపలబుట్టలో దిగింది. మూత అంచున ఇప్పటికీ కనిపించే సొట్ట అప్పటిదే. పెళ్లికొడుకు తరఫువాళ్లు మాత్రం అలాంటి బాణసంచా మా జిల్లా మొత్తంలో చూడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాగని ఆ మూత వల్ల నష్టమేనా అంటే, కాదు. చలికాలంలో మేమంతా పంది మాంసానికి ఉప్పు పట్టించి పొయ్యి మీద వేలాడదీసి పొగబెడతాం కదా. ఒకసారి నేను దుకాణంలో బేరాల్లో ఉండగా మామ వంటింట్లోకి దూరి నా పొయ్యి మీద మూత పెట్టాడు. ఇల్లంతా పొగతో నిండిపోయి కళ్లు కనబడక, నేను పిల్లిని చేటనుకుని పట్టుకుని విసిరాను. పిల్లి నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాంసం మాత్రం అమృతంలా కుదిరింది. మరుసటేడు ఆడవాళ్లంతా "మామా, మా ఇంటికి ఎప్పుడొస్తావు?" అని వరస కట్టారు. "నేనేమన్నా వంటవాడినా?" అని గునుస్తూనే అందరిళ్లకూ వెళ్లాడు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ పొయ్యికింద బొగ్గు ఎత్తుకొచ్చుకున్నాడు.

ఈ జబ్బు ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా గుర్తు. వ్యవసాయశాఖ నుంచి యాన్ అనే అమ్మాయి మా ఊరొచ్చినప్పుడు. కొండ మీంచి వచ్చే మా వాగు పక్కన ఎప్పుడో లోహం కరిగించే బట్టీలుండేవి. అవి మూతబడి ఎన్నో ఏళ్లయింది గానీ, వాటి పాపం మట్టిలో మిగిలిపోయింది. కాడ్మియం అని ఒక మాయదారి లోహం. చూస్తే కనబడదు, వాసన రాదు. వరి వేళ్లలోంచి గింజలోకి ఎక్కుతుంది, గింజలోంచి మనిషి ఎముకల్లోకి దిగుతుంది. ఆ అమ్మాయి నా మాజాంగ్ బల్ల మీద మట్టి పొట్లాలు పరిచి అందరికీ ఓపిగ్గా చెప్పింది.

"పై పొలాలవాళ్లకు భయం లేదు. సున్నం చల్లి, వెన్ను వేసే రోజుల్లో మడిలో నీళ్లు ఆరకుండా చూసుకుంటే చాలు. వాగు నోటి దగ్గరున్న ఆ దిగువ పొలానికి మాత్రం అవి చాలవు. బొగ్గు కలపాలి, బాగా కలపాలి. బొగ్గులో కంటికి కనబడని గదులు లెక్కలేనన్ని ఉంటాయి. ఈ లోహం ఆ గోడలకు అతుక్కుని కూర్చుండిపోతుంది. వేళ్లకు దొరకదు."

"అంటే వాడు చావడన్నమాట" అన్నాడు మామ బల్ల కింద నుంచి. "జైల్లో కూర్చుంటాడు."

"అంతే తాతగారూ."

"మరి బూడిద వేస్తే?"

"బూడిద నిలవదండీ. నాలుగు వానలకు కొట్టుకుపోతుంది. బొగ్గయితే ఏళ్లతరబడి మట్టిలోనే ఉంటుంది."

ఆ సాయంత్రమే కోళ్లగంప మీది మూత మాయమైంది. కోళ్లు వీధిన పడ్డాయి.

ఆ దిగువ పొలం మన్లీది. ఆమె గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. మన్లీ మొగుడు బోలిన్ లారీ ప్రమాదంలో పోయాడు. ముప్పై దాటీ దాటని మనిషి, ముక్కుసూటిది, ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. నేను పచ్చిమిరపకాయలు తూచి పైన ఓ గుప్పెడు వేస్తే, సాయంత్రానికి గిన్నెడు సోయాజున్ను నా గడపలో ఉంటుంది. "సాయం" అనే మాట వింటే ఎవరో తిట్టినట్టు చూస్తుంది. వరసగా రెండు పంటలు ఆమె ధాన్యాన్ని అధికారులు పరీక్షించి, తినడానికి పనికిరాదని సీలువేసి పట్టుకుపోయారు. వచ్చే ఏడు తొలిపంట కూడా తప్పితే ఆ పొలంలో ఇక వరి వేయకూడదనీ, మొక్కల నర్సరీకి ఇచ్చేయాలనీ ఊరి కమిటీ తీర్మానించింది. అదే జరిగితే మన్లీకి ఇక్కడ బతుకు లేదు. ఎక్కడో దూరాన గ్వాంగ్‌డాంగ్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోవడమే.

"పోతే పోతానక్కా, కుట్టడం రాదా ఏం?" అంది నాతో. "కానీ బోలిన్ సమాధి ఆ పొలం పైగట్టునే ఉంది. రోజూ నాటేటప్పుడు, కోసేటప్పుడు తలెత్తితే కనబడతాడు. అక్కడికి పోతే తలెత్తితే ఏం కనబడుతుంది, ట్యూబులైటా?"

ఆ తర్వాతే కువాంగ్ మామ బస్తా భుజాన వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడి గొణగడం మొదలైంది.

"కోడలుపిల్లా, నాకు బూడిద పడదు. అందుకని ఈ బొగ్గు పోగుపడిపోతోంది. మీ అత్త పెరట్లో అడుగు పెట్టడానికి చోటు లేదని సతాయిస్తోంది. పారేయడానికి ఎక్కడా జాగా లేదు. నీ పొలంలో ఓ మూల పారేసుకోనా?"

"నీ చెత్త నా పొలంలోనా మామా?"

"కాస్త పుణ్యం కట్టుకో తల్లీ."

మన్లీ విసుక్కుంటూనే ఒప్పుకుంది. పాపం ముసలాయన పిచ్చి భరించడం తనవంతు అనుకుంది. ఆయన పారేస్తుంటే ఆమె దున్నేది. ఊరంతా నవ్వుకుంది. ఫెంగ్ అయితే, "మన్లీకి సహనం ఎక్కువ. నేనైతే ఆ ముసలాణ్ని ఆ మూత కిందే పెట్టేవాణ్ని" అన్నాడు.

అంతా బాగానే నడుస్తుండగా ఏడోనెల పున్నమి వచ్చింది. పోయినవాళ్లకు కావలసినవన్నీ కాగితంతో చేసి కాల్చి పంపే రోజు. మన్లీ ఆ ఏడు బోలిన్ కోసం పట్నంలో చెప్పి కాగితపు మేడ చేయించింది. వెదురు చట్రం, రంగుకాగితాల గోడలు, రెండంతస్తులు, లోపల టీవీ, ముందు ఒక బుల్లి ట్రాక్టరు. ట్రాక్టరు కొనాలని బోలిన్ బతికుండగా ఎంత తపించాడో మా అందరికీ తెలుసు. దాన్ని చూసి నాకే కళ్లు చెమర్చాయి.

ఆ మంటను ఎవరూ కెలకకూడదు, ఆర్పకూడదు. మొత్తం బూడిదైతేనే అక్కడివాళ్లకు నిండుగా అందుతుంది. మాలో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. సమాధి ముందు పెట్టి నిప్పంటిస్తే పైకప్పు అంటుకుంది. అందరం తలలు వంచి దండం పెట్టుకున్నాం. ఠంగుమని శబ్దమైంది. తలెత్తి చూస్తే మంట లేదు. మేడ మీద మూత ఉంది.

కువాంగ్ మామ మూత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూస్తే, ఆ మూతను అక్కడ పెట్టింది తానేనని ఆయనకే అప్పుడప్పుడే తెలుస్తున్నట్టుంది.

ముసలమ్మలు గుండెలు బాదుకున్నారు. "పైకప్పు ఒక్కటే చేరిందే! గోడలు లేకుండా కప్పు నెత్తిన పెట్టుకుని తిరుగుతాడా నాయన!" అని ఒకావిడ, "ట్రాక్టరుకు ముందు చక్రాలే అందాయి" అని ఇంకొకావిడ. మామ అగ్గిపుల్ల గీయబోతే, ఎంగిలి చేసింది మళ్లీ వడ్డిస్తావా అని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు.

మన్లీ అరవలేదు. ఏడవలేదు. "మామా, ఇక నా పొలం గట్టెక్కకు" అని ఇంటికి వెళ్లిపోయింది.

మామ మాడిన మేడను గుడ్డలో మూటగట్టుకుని తలవంచుకుని నడిచాడు. ఆ రోజు ఆయన వీపున మూత లేదు. చేత్తో ఈడ్చుకుపోతున్నాడు. వీధి పొడుగునా అది రాళ్ల మీద గీసుకుంటున్న చప్పుడు వినబడింది. నాకు ఒళ్లు మండిపోయింది, జాలీ వేసింది. ఏది ముందు వేసిందో చెప్పలేను.

బుద్ధి వచ్చి మానేస్తాడనుకున్నాం. చలికాలం రాగానే పెరట్లో మళ్లీ పొగ. ఇదివరకటికన్నా ఎక్కువ పొగ. బల్లల కింద మళ్లీ పొట్టు ఏరుడు. అయితే ఆ బొగ్గంతా ఎక్కడికి పోతోంది? మన్లీ పొలానికి కాదు, ఆ గట్టు దరిదాపులకు కూడా ఆయన వెళ్లడం లేదు.

"ఇంకెక్కడికి? పట్నంలో మాంసం కాల్చి అమ్మే బండ్లవాళ్లకు" అని ఫెంగ్ తేల్చేశాడు. ఊరు నమ్మింది. నేనూ నమ్మాను. ఉండబట్టలేక ముఖం మీదే అడిగేశాను.

"ఏం మామా, వ్యాపారం బాగా సాగుతోందట?"

"సాగితే నీకేం? నా బొగ్గు, నా ఇష్టం. కాలు తియ్, కింద గింజల పొట్టుంది" అన్నాడు.

ఆయన భార్య గ్విలాన్ అత్త మాత్రం ఆ చలికాలంలో బాతుల పెంపకంలో పడింది. ఎప్పుడు చూసినా తోపుడుబండి నిండా నల్లటి ఎరువు నింపుకుని మన్లీ పొలం వైపు పోతూ కనిపించేది. "బాతుల పెంటే పిల్లా. ఇంట్లో కంపు భరించలేకపోతున్నా. మన్లీ పొలంలో పారేసుకోనిస్తోంది, తల్లి చల్లగా ఉండాలి" అనేది. మన్లీ ఊరికే తీసుకునే రకమా? బండి వచ్చినప్పుడల్లా జాడీడు ఊరమిరపకాయలో, కట్ట ఆవాకో తిరిగి పంపేది. కువాంగ్ మామ ఆ మిరపకాయలు నంజుకుని తింటూ, ఎక్కడివని ఎన్నడూ అడగలేదట.

వసంతం వచ్చింది, నాట్లు పడ్డాయి. మన్లీ మడిలో నీళ్లు ఆరనివ్వలేదు, సున్నం తప్పలేదు. వెన్నులు వంగాయి. యాన్ అమ్మాయి వచ్చి గింజల్ని పొట్లం కట్టి పరీక్షకు పట్టుకుపోయింది. అక్కణ్నుంచి మన్లీ మనిషి మనిషిలా లేదు. రోజూ నా దుకాణానికి వస్తుంది, ఏమీ కొనదు, రోడ్డు వైపు చూసి వెళ్లిపోతుంది. గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీ నుంచి చుట్టాలమ్మాయి ఫోను చేసి, వస్తున్నట్టా లేనట్టా తేల్చమని తొందర పెడుతోంది. మన్లీ పెట్టె సర్దుకుని మంచం పక్కన పెట్టుకుంది.

ఆ వేళ యాన్ అమ్మాయి స్కూటరు నా వాకిట్లో ఆగేసరికి మాజాంగ్ బిళ్లల చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల హెల్మెట్టు తీయడానికి పెట్టిన సమయంలో నేను ఇంకో దుకాణం కట్టించేదాన్ని.

"వచ్చేసింది మన్లీ అక్కా! కాడ్మియం హద్దు లోపలే వచ్చింది. బాగా లోపల. నీ బియ్యం నువ్వు తినొచ్చు, అమ్ముకోవచ్చు."

మన్లీ ఉన్నచోటే కుర్చీలో కూలబడింది. అది ఫెంగ్ కుర్చీ, అందులో ఫెంగ్ ఉన్నాడు. ఆయన చేతిలో సిగరెట్టు కిందపడినా ఎవరికీ పట్టలేదు. ఆమె ఏడుస్తూ నవ్వుతుంటే, నేను నవ్వుతూ ఏడ్చాను.

అప్పుడు చూశాను, బల్ల కింద కువాంగ్ మామ ఉన్నాడు. బుట్ట పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నవాడు అలాగే ఉండిపోయాడు. బొంగురు గొంతుతో, "ఎవరిదీ టీ? పొట్టంతా తడిసింది" అన్నాడు. ఆ రోజు టీ ఎవరూ తాగలేదు.

కొత్తబియ్యం తినే పండక్కి మన్లీ మమ్మల్నందరినీ పిలిచింది. మా ఆచారం ప్రకారం తొలిగిన్నె పెద్దలకు చూపించి కుక్కకు పెట్టాలి. మనుషులకు వరిగింజ తెచ్చిచ్చింది కుక్కేనంటారు. మన్లీ వాళ్ల నల్లకుక్క గిన్నె నాకి నాకి గడప దాకా తోసుకుపోయింది. ఆ గడప అవతలే కువాంగ్ మామ, పెళ్లాం వెనకాల వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు.

మన్లీ పెద్ద గిన్నెడు అన్నం గ్విలాన్ అత్త ముందు పెట్టి, "అత్తా, ఇదంతా నీ బాతుల చలవ. చలికాలమంతా ఎన్ని బండ్లు పోశావు!" అంది.

నేను గిన్నె కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ నా బుర్ర ఏమైందో!

"అత్తా, నీకు బాతులెన్ని?" అన్నాను.

"మూడే" అంది అత్త అమాయకంగా. అని నాలుక కరుచుకుంది.

"మూడు బాతులు అన్ని బండ్ల పెంట వేశాయా?"

గడప అవతల నుంచి కువాంగ్ మామ అన్నాడు, "అవి బాగా తింటాయి."

ఇల్లు దద్దరిల్లేట్టు నవ్వాం. ఫెంగ్‌కు దగ్గు తెర వచ్చింది. నవ్వు ఆగాక చూస్తే మన్లీ ఒక్కతే నవ్వడం లేదు. "అంటే అది ఈయన బొగ్గా?" అంది.

"బొగ్గేనే. వాసన రావడానికి పైన కాస్త పెంట కలిపేవాళ్లం" అంది అత్త. ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, మనసులో ఉన్నదంతా కక్కేసింది. "యాన్ అమ్మాయి బొగ్గు కావాలని చెప్పిన రోజున ఇంటికొచ్చి, మన్లీకి ఊరికే ఇస్తే పుచ్చుకోదే, ఏం చెయ్యాలి అని తల పట్టుకున్నాడు. అప్పుడు అల్లిన కథే ఇదంతా. బూడిద పడదట! ఈయనకా? నా ఇంట్లో మూకుళ్లు ఎవరు తోముతారనుకున్నారు? ఈయనే. దేంతో? పొయ్యిలో బూడిదతో! బూడిద లేందే మూకుడు మెరవదంటాడు!"

మేమంతా నోళ్లు తెరుచుకుని మామ వైపు తిరిగాం. ఇన్నాళ్లుగా మా సిగరెట్లు, మా టపాకాయలు, మా పొయ్యిలు, అన్నిటినీ బూడిద పడదని చెప్పి నాశనం చేసిన మనిషి! ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మొదట్లో ఉత్తుత్తికే అన్నాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. "రోజూ అనీ అనీ అలవాటైపోయింది. ఆ రోజు చెయ్యి దానంతటదే పోయింది తల్లీ. బోలిన్‌కు ఇల్లు బాకీ పడ్డాను."

మన్లీ ఇంకో గిన్నె నిండా కొత్తన్నం పెట్టి, పైన పొగమాంసం వేసి, గడప దాటి ఆయన చేతిలో పెట్టింది. "లోపలికొచ్చి తిను మామా. కుక్క కూడా లోపలే తింటోంది" అంది. అప్పుడు నవ్వింది.

మళ్లీ ఏడోనెల పున్నమి వచ్చింది. బాకీపడ్డ మేడను మామ స్వయంగా వెదురు చీల్చి అల్లాడు. ఆయనకు తెలిసిన పెద్ద భవనం ఒక్కటే కాబట్టి అది అచ్చం రైల్వే స్టేషనులా వచ్చింది. ముందు సిగ్నలు స్తంభం కూడా పెట్టాడు. ట్రాక్టరుకు ఇంజను పొగగొట్టం తగిలించాడు. "బోలిన్‌కు అక్కడ స్టేషను మాస్టరు ఉద్యోగం వచ్చినట్టుంది" అన్నాడు ఫెంగ్. మన్లీ మాత్రం చుట్టూ తిరిగి చూసి, బావుందంది.

మంట పెట్టే ముందు మామ నా దుకాణానికి వచ్చి మూత నా చేతిలో పెట్టాడు. "దాచు. అంతా అయ్యేదాకా, కాళ్లు పట్టుకున్నా సరే, నాకివ్వకు" అన్నాడు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. ఎక్కడ పెట్టాలో తోచక దాని మీదే బోర్లించి నేనూ పొలం గట్టుకు పరుగెత్తాను.

మేడ అంటుకుంది. గోడలు, సిగ్నలు, ట్రాక్టరు అన్నీ కాలుతున్నాయి. మామ రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడ్డాడు. వెదురు చిటపటమన్నప్పుడల్లా భుజాలు ఎగరేస్తాడు. "ఎంత మంచి వెదురు... ఎంత మంచి వెదురు" అని గొణుక్కుంటాడు. గ్విలాన్ అత్త ఆయన చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. కదల్లేదు ఆయన. చివరి పుల్ల తెల్లటి బూడిదై, సాయంకాలపు గాలికి లేచి బోలిన్ సమాధి వైపు పోయేదాకా అలాగే నిలబడ్డాడు. అంతా నిండుగా చేరినట్టే. నాకు ఆ ముసలాయన్ని కౌగలించుకోవాలనిపించింది.

మన్లీ కళ్లు తుడుచుకుని, పక్కనే ఉన్న ఊక కుప్పకు నిప్పు పెట్టింది. ఆ కొత్త పంట తాలూకు ఊకే. ఒక అంచు ఎర్రబడింది.

"బోలిన్ వాటా అయిపోయింది. ఇది నా పొలం వాటా" అంది. "చూస్తూ నిలబడ్డావేం మామా? బూడిదైపోతోంది. మూతేది?"

మామ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. చిన్నపిల్లాడిలా నా దుకాణం వైపు పరుగు. ఆయన వెనక నేను. నా చేపలు అప్పుడు గుర్తొచ్చాయి.

మేం వెళ్లేసరికి వంటిల్లంతా పొగ. మామ మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. పులుసు ఇగిరి, చేపలు మాడి, కర్రల్లా బిగుసుకుని నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒకదాన్ని తీసి గోటితో మీటాడు. గలగలమంది.

"బూడిద ఇసుమంత లేదు పిల్లా! ఇన్నాళ్లకు నీకు చేతనైంది" అని, మూతతో పాటు నా చేపల్ని కూడా పట్టుకుని పరుగెత్తాడు.

అవి ఇప్పుడు మన్లీ పొలంలో ఉన్నాయి. మర్నాడు ఆమె నాకు రెండు బతికున్న చేపలు తెచ్చిచ్చింది.